కొలతమనిషిని కొలవరాదు

రోహిణి కార్తె, మొదటి రోజు

ఈ పూట రెండు తగాదాలు తెగాయి. రెండూ జానెడు జాగా కోసమే. పుట్టగొడుగుల మడి హద్దు దగ్గర అన్నదమ్ములిద్దరూ కొట్టుకున్నంత పని చేశారు. తీర్పరిని గనక నేను గంభీరంగా కూర్చోవాలి. నిజానికి కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. మా వదినె ఓదెమ్మ వచ్చి, మడి గట్టు మీద అరచెయ్యి చాచి, బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా ఆనించింది.

"ఇగో, ఇది జాన. ఇగ నోర్లు మూసుకోండ్రి."

మూసుకున్నారు. ఆమె జానే మా ఊరికి జాన, ఆమె మూరే మూర. ఆమె అరికాలి నుంచి నడినెత్తి దాకా ఉన్న ఎత్తే నిలువు. మా ముందటివాళ్లు ఎండకు తాళలేక ఈ పాత బొగ్గుబాయిలోకి దిగకముందు, వాళ్ల నీళ్లను యంత్రాలు కొలిచేవట. ఒక ఎండాకాలం బిందెలో నీళ్లు తగ్గుతూ వచ్చాయి, యంత్రం మాత్రం బిందె నిండిందనే చెప్పింది. కోర్టుకు పోతే కోర్టు యంత్రమూ అదే మాట. రెండింటినీ ఎక్కడో దూరాన ఒకే చోటి నుంచి నడిపేవారు మరి. ఆ కడుపుమంటతో మా పెద్దలు కట్టుబాటు రాసుకున్నారు. 'కొలత అనగా మనిషి. మనిషి కానిది చెప్పునది మాట, కొలత కాదు.' దాని కిందనే ఇంకొకటి. 'కొలతమనిషిని కొలవరాదు.'

నేను ఈ రెండు వాక్యాల మీదే బతుకుతున్నాను. ఊరి కొలతమనిషి గనక వదినె కూడా అంతే. మా అన్న పోయినా నన్ను వదలకుండా, చదువు చెప్పించి, చెవి మెలేసి, ఈ పీట మీద కూర్చోబెట్టింది ఆమే. ఇంటికి పోతుంటే వెనక నుంచి అంటుంది, "తీర్పరీ, తగాదా నడుస్తుంటే కునుకు తీసినవ్. నేను జూసిన." చూస్తుంది. ఆమె చూడంది లేదు.

రోహిణి ఆఖరు

ఇవ్వాళ కప్పు కొలత. వానలు పడితే పైన నేల నాని బరువెక్కుతుంది, ఆ బరువంతా మా నెత్తి మీది బొగ్గు కప్పు మొయ్యాలి. అందుకని ఏటా వానలకు ముందు కొలతమనిషి తలంటుకుని, నడినెత్తిన తడి పసుపు ముద్ద పెట్టుకుని, ఇంటింటికీ నడుస్తుంది. పసుపు కప్పుకు అంటకపోతే ఇల్లు క్షేమం. అంటితే ఆ వరుస వరుసంతా ఆ పూటే ఖాళీ చెయ్యాలి, పై వరుసవాళ్లు ఇంటికొక గది వదలాలి. నేనుండేది పై వరుసలోనేనని ఇక్కడ రాసిపెట్టడం న్యాయం.

ముందు డప్పు, వెనక వదినె, ఆమె వెనక నేను. ఆడవాళ్లు గడప గడపకూ ఆమె కాళ్లు కడిగారు. ఆమెకు ఈ రోజంటే పండగ. ముసలితనంలో పట్టుచీర కట్టే సాకు ఇదొక్కటేనని తనే అంటుంది.

కింది వరుసలో చివరి ఇల్లు స్వరూపది. ఆమె మొగుడు తిరుపతి గాలిపంకా తిప్పే పనిలో ఉన్నాడు, పొడగరి. మమ్మల్ని చూసి లేవబోయి కప్పుకు తల కొట్టుకున్నాడు. అందరం నవ్వాం. స్వరూప నవ్వలేదు. వదినె నాలుగు మూలలూ తిరిగింది. పసుపు అంటలేదు. ఆమె నెత్తికీ కప్పుకూ నడుమ నాలుగు వేళ్ల సందు.

నిరుడూ నాలుగు వేళ్లే. కానీ నిరుడు నేను ఇదే ఇంట్లో, స్వరూప మరిది పెళ్లికి, తలపాగా చుట్టుకుని నిలబడి పప్పు వడ్డించాను. ఇవ్వాళ తలపాగా తీసినా మెడ వంచాల్సి వచ్చింది. కప్పు దిగింది. ఆమె నెత్తికి మాత్రం అందలేదు. ఎందుకు అందలేదో తెలుసుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. కప్పుతో పాటు ఆమే దిగుతోంది. వీపు గూనిపోతోంది.

'క్షేమం' అని పలికి బయటికొచ్చాను. అందరికీ వినపడేలా పలికాను.

మృగశిర, రెండో రోజు

పైన తొలకరి పడ్డట్టుంది. గాలిబాయిలోంచి మట్టి వాసన దిగింది, పిల్లలంతా దాని కింద మూగి ముక్కులు ఎగరేశారు. మామూలుగా నేనూ పోయేవాణ్ణి. ఇవ్వాళ స్వరూప ఫిర్యాదు ఉంది. కొలతమనిషి మీద ఫిర్యాదు వస్తే ఆమె సభలో ఉండకూడదు, వదినె రాలేదు.

స్వరూప నిలబడి, వినయంగానే మొదలుపెట్టింది.

"తీర్పరీ, కట్టుబాటుల నిలువు అంటే ఏమని ఉన్నది? జర సదువు."

చదివాను. 'నిలువు అనగా కొలతమనిషి నిటారుగా నిలిచినప్పుడు అరికాలి నుండి నడినెత్తి వరకు గల ఎత్తు.'

"నిటారుగ అని ఉన్నదా, లేదా?"

"ఉన్నది."

"ఓదెమ్మ పెద్దమనిషి. ఆమె అంటే నాకు తల్లి లెక్క. కని ఆమె నిటారుగ లేదు. నా మొగుడు నిరుడు ఇంట్ల నిలవడి అంగి తొడుక్కునేటోడు. ఇప్పుడు కూసొని తొడుక్కుంటున్నడు. నా బిడ్డ ఆ కప్పు కింద పండుకుంటది. పసుపు అంటదాక ఆగుమంటవా, కప్పు కూలిందాక ఆగుమంటవా?"

పై వరుస పెద్దలు నావైపు చూశారు. నాకు మాట వెంటనే దొరికింది, అదే నా ఖర్మ. నేను అన్నాను, "నిటారు అంటే ఎవరి నిటారు? కొలతమనిషి నిటారు. ఆమె నిలబడ్డ తీరే నిటారు. ఇంకొకరిని పక్కన పెట్టి ఆమె వంగిందంటే, ఆమెను కొలిచినట్టే. కొలతమనిషిని కొలవరాదు. ఫిర్యాదు చెల్లదు."

భేష్ అన్నారు. మా గురువు బతికుంటే వీపు తట్టేవాడు. మాటకు మాట అతికింది, ఎక్కడా సందు లేదు. స్వరూప కొంగు దులుపుకుని, ఎవరికీ దండం పెట్టకుండా వెళ్లిపోయింది.

మృగశిర, మరికొన్నాళ్లకు

వదినె మధ్యాహ్నం తినడానికి పిలిచింది. సర్వపిండి చేసింది, నువ్వులు దండిగా వేసి, అంచు కరకరలాడేట్టు. నేను తింటుంటే పొయ్యి దగ్గర కూర్చుని చూస్తూ ఉంది. రోజూలా ఆటపట్టించడం లేదు. రెండో ముక్క పెడుతూ అడిగింది.

"స్వరూప నన్ను వంగిన అన్నదట గద?"

"ఎవలు జెప్పిన్రు నీకు?"

"ఎవలైతేంది. నువ్వు చెప్పు పోశం. నేను వంగిన్నా?"

అడిగింది తీర్పరిని కాదు, మరిదిని. ఆమెకు అద్దం లేదు, కొలతమనిషి ఇంట్లో అద్దం ఉండకూడదు. ఊళ్లో ఎవరూ ఆమె ఒంటి గురించి ఆమెతో మాట్లాడకూడదు. సన్నబడ్డావనీ లావెక్కావనీ మామూలు ఆడవాళ్లతో అన్నట్టు ఆమెతో అనడానికి లేదు. అడిగే హక్కు ఆమెకొక్కదానికే ఉంది. అడిగితే చెప్పడం తప్పు కాదు కూడా. ఆ వాక్యం కట్టుబాటులో ఉంది, నేనే పిల్లలకు పాఠం చెబుతాను.

అవునంటే ఏమవుతుందో నాకు తెలుసు. 'కొలత తప్పింది' అని డప్పు కొట్టించాలి. ఆమె వంగిన నాటి నుంచి కొలిచిన ప్రతి గోడా, ప్రతి హద్దూ, ప్రతి చీర మళ్లీ తగాదాకు వస్తుంది. ఎప్పటి నుంచి వంగిందో ఎవరు చెప్పాలి? ఊళ్లో ఇల్లిల్లూ లేచి నా గుమ్మం ముందు నిలబడుతుంది. పై వరుసలో నా గదీ పోతుంది. ఇవన్నీ కారణాలే. కానీ నోరు నొక్కింది ఇవేవీ కావు. ఎదురుగా ఆ ముఖం. కొలత తప్పిందన్న మాట ఆ ముఖం మీద పడటం నేను చూడలేను.

"లేదు వదినె. మంచిగనే ఉన్నవ్. నిటారుగనే ఉన్నవ్."

ఆమె ముఖం తేటపడింది. "నేను గదే అనుకున్న. అడుగంది అమ్మైనా పెట్టదని, అడిగి తెలుసుకున్న," అని నవ్వి, ఇంకో ముక్క వేసింది. తిన్నాను. నీళ్లు తాగి లేచాను.

ఆరుద్ర

ఎడతెగని వాన. కింది వరుసలో గోడలు చెమరుస్తున్నాయి. తిరుపతి నన్ను పిలుచుకుపోయి ఒక కర్ర చూపించాడు. బిడ్డ ఊయలకు ఆసరాగా నిరుడు కప్పుకూ నేలకూ నడుమ సరిగ్గా బిగించిన టేకు కర్ర అది. నడుమ వంగి ఉంది. లాగి చూశాను, రాలేదు. కప్పు దాన్ని నేలకు అదిమి పట్టింది.

"ఇది మాటనా, కొలతనా తీర్పరీ?" అన్నాడు తిరుపతి. ఎగతాళి చెయ్యలేదు. నిజంగానే అడిగాడు.

"మాటే," అన్నాను. కట్టుబాటు ప్రకారం అది మాటే. ఇంత గట్టి మాట నా ఉద్యోగంలో వినలేదు.

పాము చావకుండా కర్ర విరగకుండా ఏదో ఒకటి చేద్దామని దుంగలు పంపించాను, కప్పుకు ఊతం పెట్టమని. నాలుగు పెట్టారు. ఇల్లు మరింత ఇరుకైంది. తరవాత స్వరూపతో ఒంటరిగా అన్నాను, "మా ఇంటికి రండ్రి. ముందరి గది ఖాళీ జేయిస్త. వానలు పోయిందాక ఉండుండ్రి."

"కొలత లేకుంట ఇల్లు ఇడిస్తే ఏమైతది?"

చెప్పక తప్పింది కాదు. ఇల్లు వదులుకున్నట్టే. ఆ ఇంటి మీదా, ఇంకే ఇంటి మీదా హక్కు ఉండదు. వరుసలో మిగిలినవాళ్లకూ ఏమీ రాదు.

"నాకు నీ గది వద్దు. నీ దయ మీద ఎన్ని వానలు ఎల్లదీస్త? మా వరుసల తొమ్మిది ఇండ్లున్నయ్, అందరిని నీ ముందరి గదిల పండవెడ్తవా? నాకు కొలత గావాలె. నీకు ఎర్కనే ఉన్నది. నువ్వు అన్నీ ఎర్కుండి గట్ల సదువుతున్నవ్."

మింగలేక కక్కలేక అంటారే, అలా ఇంటికొచ్చి, ఈ మాటలు రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను. రేపు వదినెతో నిజం చెప్పేస్తాను.

ఆరుద్ర, మరునాడు

చెప్పలేదు. ఆమెకు జ్వరం. జ్వరం తగ్గాక చెబుతాను.

ఆరుద్ర ఆఖరు

జ్వరం తగ్గి నాలుగు పూటలైంది. గుమ్మం దాకా పోయాను. లోపల పాట పాడుకుంటూ పసుపు కొమ్ములు దంచుతోంది. తిరిగొచ్చాను. నా పిరికితనానికి పేరు పెట్టే ఓపిక కూడా నాకు లేదు.

పునర్వసు, మూడో రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే వదినె పట్టుచీరతో నా గుమ్మం ముందు నిలబడింది. జుట్టు తడిగా ఉంది. నడినెత్తిన పసుపు. "పా," అంది. అంతే. దారిలో తనే చెప్పింది. నిన్న నీళ్ల దగ్గర స్వరూప కలిసిందట. కొలతమనిషి ఒంటి గురించి మాట్లాడకూడదు కాబట్టి, స్వరూప తన గురించి తనే చెప్పుకుందట. "అమ్మా, నిరుడు నువ్వు నా కండ్లల్లకు జూసి మాట్లాడినవ్. ఇప్పుడు నా మెడ జూసి మాట్లాడుతున్నవ్. నేను పెరుగలేదమ్మా."

"పొద్దంతా సోచాయించిన పోశం," అంది వదినె. "ఊళ్ల ఆడోళ్లందరు నాకు ఎత్తుగ కనవడుతున్నరు. పిల్లల తల్లులు పెరుగుతరా ఎక్కడన్న?"

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకుంది. గట్టిగా కాదు, కానీ విడిపించుకుంది.

ఇప్పుడు డప్పు కొట్టిస్తానన్నాను, కొలత తప్పిందని చాటిస్తానన్నాను. ఆమె నడక ఆపకుండానే అంది, "చాటిస్తవ్. కొత్త మనిషిని ఎన్నుకునేదానికి కట్టుబాటు ప్రకారం నెల వడుతది. నువ్వే గద సదువుతవ్. నెల దాక కప్పు ఆగుతదా?"

నాకు తెలియని మాట కాదు. మృగశిరలోనే నేను అవునని ఉంటే, ఈపాటికి ఆ నెల దాదాపు గడిచిపోయి ఉండేది.

స్వరూప ఇంట్లో అప్పటికే వరుసలోని ఆడవాళ్లు పోగయ్యారు. వదినె గోడకు వీపు ఆనించి నిలబడింది. ఆమె వీపు గోడకు ఆనింది రెండు చోట్లే, పిరుదులూ, భుజాల గూనీ. మెడ ముందుకు సాగి ఉంది. స్వరూపనూ ఇంకొకామెనూ పిలిచి, "చెరొక బుజం వట్టుండ్రి. గోడకు ఒత్తుండ్రి. నేను ఆపుమన్నా ఆపకుండ్రి," అంది.

స్వరూప వెనక్కి తగ్గింది. "వద్దమ్మా. నాకు ఇల్లొద్దు, ఏమొద్దు. నేను పోత."

"నువ్వు పోతె ఎనిమిది ఇండ్లు ఉంటయ్ ఈడ. వట్టుకో బిడ్డా."

నేను ఆపవచ్చు. తీర్పరి ఆపమంటే ఆపుతారు. కానీ కప్పు కొలుస్తున్న కొలతమనిషిని ఎవరూ తాకి ఆపరాదు, తీర్పరి అసలే ఆపరాదు. నేను కట్టుబాటు తప్పని మనిషిని. నిలబడి చూశాను.

ఒత్తారు. ఆమె మొదట పళ్లు బిగించింది, తరవాత అరిచింది. స్వరూప ఏడుస్తూనే ఒత్తింది. వీపు కొంచెం కొంచెంగా గోడకు చేరింది, గడ్డం పైకి లేచింది. లోపల ఏదో పటుక్కుమంది. ఆ చప్పుడు గదిలో అందరికీ వినపడింది. నాకు మాత్రం అది ఇంకా వినపడుతోంది. ఆమె నెత్తి కప్పుకు తగిలి, బొగ్గు మీద పసుపు అంటింది.

"సదువు," అంది నావైపు చూసి. గొంతు లేదు, పెదాలు మాత్రం కదిలాయి.

"కప్పు తగిలింది. వరుస ఖాళీ చెయ్యాలి," అన్నాను.

ఆమెను వదలగానే గోడ వెంబడి జారి నేల మీద పడింది. తిరుపతి ఎత్తుకుని పై వరుసకు మోసుకొచ్చాడు, గుమ్మం గుమ్మం దగ్గరా తన మెడ వంచుకుంటూ. సాయంత్రానికి తొమ్మిది ఇళ్లూ ఖాళీ.

పునర్వసు, చివరి రోజులు

కింది వరుస కూలింది. మధ్యాహ్నం, అందరూ వంటల దగ్గర ఉండగా. దుమ్ము గాలిబాయి దాకా కొట్టింది. ఒక్క ప్రాణం పోలేదు. స్వరూప బిడ్డ మా ముందరి గదిలో నిద్రపోతూ, చప్పుడుకు లేచి ఏడ్చి, మళ్లీ పడుకుంది. స్వరూప వచ్చి నా ముందు నిలబడింది. ఏదో అంటుందనుకున్నాను. చీపురు అడిగి తీసుకుపోయింది.

వదినె నడుము కింద కదలదు. వైద్యుడు వెన్నుపూస విరిగిందన్నాడు, మెత్తబడ్డ ఎముక అంత ఒత్తిడికి ఆగదన్నాడు. నేను పక్కన కూర్చుని అంబలి తాగిస్తుంటాను. ఇవ్వాళ రెండు గుక్కలు తాగి, నా మణికట్టు పట్టుకుంది.

"నిన్ను అడిగిన గద పోశం."

"అడిగినవ్ వదినె."

"అప్పుడే అవునంటె ఏడుద్దును. రెండొద్దులు ఏడ్చి, ఇంకో పిల్లకు పసుపు పెట్టి, పొయ్యికాడ కూసుందును. గంతే గద." గిన్నె పక్కకు నెట్టింది. "ఊరు నన్ను జూసి కొలుసుకుంటది. నేను నిన్ను జూసి కొలుసుకున్న."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. చిన్నప్పుడు తిట్టినట్టు, చెవి పట్టుకుని. నాకు ఏడుపొచ్చింది, ఆమె ముందే ఏడ్చాను. ఆమె నా తల మీద చెయ్యి వేసింది, అది ఇంకా ఘోరం.

పుష్యమి

వదినె పోయింది. నిద్రలోనే.

వాన తెరిపిచ్చాక పైకి తీసుకుపోయాం. మబ్బు పట్టి ఉంది గనక పగలే పోగలిగాం. ఊరంతా వచ్చింది. తిరుపతీ, ఇంకో ముగ్గురూ గొయ్యి తవ్వడానికి దిగారు. నేల నాని ఉంది, తేలిగ్గా తెగింది. మోకాళ్ల దాకా తవ్వారు, నడుం దాకా తవ్వారు. తిరుపతి భుజాలు కూడా మునిగాక పలుగు ఆపి, పైకి చూశాడు.

"తీర్పరీ, ఎంత లోతు?"

కట్టుబాటులో ఉంది. 'గొయ్యి ఒక నిలువు తవ్వవలెను.' నిలువు అంటే ఆమె. పోయినవాళ్లెవరికైనా ఆమే వచ్చి గోతిలో దిగి నిలబడేది. తన తల గట్టుకు సరిపోగానే 'సాలు' అనేది. కొలతమనిషి పోతే కొత్త మనిషిని పెద్దకర్మ నాడే ఎన్నుకోవాలి. అంటే ఇవ్వాళ ఊళ్లో నిలువు లేదు, మూర లేదు, జాన లేదు. ఏ నిలువు అనాలి? ఆమె పట్టుచీరలో వంగి నడిచిన నిలువా, గోడకు ఒత్తితే వచ్చిన నిలువా, చిన్నప్పుడు నన్ను భుజాన కూర్చోబెట్టుకుని ఈ వరుసల్లో తిప్పిన నాటి నిలువా? నాకు తెలిసిన చట్టమంతా వెతికాను. నా చెయ్యి ఎత్తి 'చాలు' అంటే చాలు, ఎవరూ కాదనరు.

అందరూ నావైపే చూస్తున్నారు. స్వరూప కూడా. నేను చెయ్యి ఎత్తలేదు. కాసేపు చూసి, తిరుపతి తల దించుకుని పలుగు అందుకున్నాడు. వాళ్లు తవ్వుతూనే ఉన్నారు.